మందుల షాపుల చైన్‌లో ఫార్మసిస్ట్ ఉద్యోగం: చేరే ముందు తెలుసుకోవాల్సినవి

మీరు అడిగింది ఇదీ: మీ తమ్ముడు సూర్యాపేటలో డి.ఫార్మసీ పూర్తి చేశాడు. హైదరాబాద్‌లో పేరున్న మందుల షాపుల చైన్‌లో ఫార్మసిస్ట్‌గా ఆఫర్ వచ్చింది, లెటర్‌లో నెలకు 19,500 చిల్లర అని ఉంది. మీ నాన్నగారేమో అప్పు చేసైనా సరే ఊళ్లోనే సొంత షాపు పెట్టిద్దాం అంటున్నారు. ఏది మేలు, అసలు లోపల పని ఎలా ఉంటుంది అని.

జవాబు ముందే చెప్పేస్తాను. చేరమనండి. రెండు మూడేళ్లు పని నేర్చుకునే చోటు అనుకుంటే మంచి ఉద్యోగమే. జీతం చూసి మాత్రమే చేరితే ఆరు నెలలకే విసుగొస్తుంది. ఈ పనిలో జీతం చిన్నది, మెడ మీద ఉండే బాధ్యత పెద్దది. షాపు లైసెన్స్ మీద ఫార్మసిస్ట్‌గా మీ తమ్ముడి పేరే ఉంటుంది, ర్యాకుల్లో ఉన్న లక్షల రూపాయల స్టాకులో తేడా వస్తే ముందు అడిగేదీ అతన్నే. ఈ రెండు చోట్లా జాగ్రత్తగా ఉంటే మిగతా కష్టాలు ఏ ఉద్యోగంలోనైనా ఉండేవే.

నేను ఇలాంటి చైన్‌లోనే కౌంటర్ మీద మొదలుపెట్టి, స్టోర్ ఇన్‌చార్జ్ అయ్యి, తర్వాత డజను షాపులు చూసుకునే ఏరియా మేనేజర్‌గా చాలా ఏళ్లు చేశాను. ఇప్పుడు ఒక ఆసుపత్రి ఫార్మసీలో ఉన్నాను. పాత కంపెనీ పేరు చెప్పను, అడగొద్దు. అక్కడి నుంచి వేరే చైన్లకు వెళ్లినవాళ్లతో ఇప్పటికీ మాట్లాడుతుంటాను. బోర్డు రంగు మారుతుంది గానీ లోపల కథ దాదాపు ఒకటే.

ముందు ఆ 19,500 సంగతి. అది సీటీసీ, అంటే అతని మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు. చేతికొచ్చే జీతం వేరు. సాధారణంగా లెక్క ఇలా ఉంటుంది. గ్రాస్, అంటే కోతలకు ముందు జీతం 17,000, అందులో బేసిక్, అంటే మూల జీతం 12,000 అనుకోండి. బేసిక్ మీద 12 శాతం పీఎఫ్ అంటే 1,440. గ్రాస్ మీద 0.75 శాతం ఈఎస్‌ఐ, అంటే ఉద్యోగుల ఆరోగ్య బీమా చందా, 128. జీతం 15 వేలు దాటింది కాబట్టి వృత్తి పన్ను 150. ఇవన్నీ పోగా బ్యాంకులో పడేది 15,280 దగ్గర. మరి 19,500 ఎక్కడి నుంచి వచ్చింది? కంపెనీ కట్టే పీఎఫ్ ఇంకో 1,440, కంపెనీ కట్టే ఈఎస్‌ఐ 3.25 శాతం అంటే 553, గ్రాట్యుటీ కోసమని నెలకు ఐదు వందల పైచిలుకు, ఇవన్నీ కలిపి చూపిస్తారు. ఇందులో మోసం ఏమీ లేదు, అందరూ ఇలాగే రాస్తారు. కాకపోతే అమీర్‌పేట వైపు హాస్టల్‌కు ఆరేడు వేలు కట్టి, బస్సు పాసు, ఫోను, టీ టిఫిన్లు పోగా ఇంటికి ఎంత పంపగలడో ఈ 15 వేల మీద లెక్కేసుకోండి, 19 వేల మీద కాదు.

ఈఎస్‌ఐ కార్డును మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. జీతం 21,000 లోపు ఉన్నంతకాలం అది అతనితో పాటు అతని మీద ఆధారపడిన అమ్మానాన్నలకూ పనికొస్తుంది. సనత్‌నగర్ ఈఎస్‌ఐ ఆసుపత్రిలో క్యూలు ఉంటాయి నిజమే, కానీ పెద్ద ఆపరేషన్ పడిందంటే ఆ కార్డు విలువ తెలుస్తుంది. జబ్బు చేసి సెలవు పెడితే, ఈఎస్‌ఐ చందా కట్టిన రోజులు సరిపడా ఉంటే, జీతంలో 70 శాతం లెక్కన ఏడాదికి 91 రోజుల వరకు నగదు కూడా ఇస్తారు. మా కుర్రాళ్లలో సగం మంది ఆ కార్డు తీసుకోకుండానే ఉద్యోగాలు మారిపోయేవారు.

ఇక రోజు ఎలా గడుస్తుందంటే, ఉదయం షిఫ్ట్ అయితే ఏడున్నరకల్లా షట్టర్ తీయాలి. మొదట చూసేది ఫ్రిజ్. ఇన్సులిన్, కొన్ని ఇంజెక్షన్లు, టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఆ రీడింగ్ రిజిస్టర్‌లో రాయాలి. రాత్రి కరెంటు పోయిందేమో, ఇన్వర్టర్ పనిచేసిందేమో చూడకుండా నిన్నటి అంకెనే ఇవాళ కూడా రాసేసేవాళ్లు ఉంటారు, మీ తమ్ముణ్ణి ఆ అలవాటు చేసుకోవద్దనండి. తర్వాత గోదాం నుంచి వచ్చిన క్రేట్లు విప్పి ఇన్‌వాయిస్‌తో సరిచూడాలి. మందు పేరు, బ్యాచ్, ఎక్స్‌పైరీ, ఎమ్మార్పీ, ఎన్ని షీట్లు. ఆ పని జరుగుతుండగానే కౌంటర్ మీదికి జనం వస్తారు. ఒక చేత్తో క్రేట్, ఒక చేత్తో బిల్లు. తేడాలు పుట్టేది సరిగ్గా అక్కడే, దాని గురించి కింద రాస్తాను.

సాయంత్రం ఆరు నుంచి రాత్రి తొమ్మిదిన్నర వరకు ఊపిరాడదు. చుట్టుపక్కల క్లినిక్‌లన్నీ అప్పుడే నడుస్తాయి. ఒకాయన చీటీ ఇస్తాడు, ఇంకొకావిడ ఫోన్‌లో ఫోటో చూపిస్తుంది, మూడో ఆయన ‘ఆ ఎర్ర గోలీ, పోయిన నెల తీసుకున్నా కదా’ అంటాడు, నాలుగో ఆయన వంద రూపాయలకు చిల్లర అడుగుతాడు. మధ్యలో ఆన్‌లైన్ ఆర్డర్ మోగుతుంది, డెలివరీ కుర్రాడు పక్కన నిలబడి ఉంటాడు. ఈ గోలలోనే టెల్మిసార్టన్ 40కి, అదే పేరు చివర హెచ్ అక్షరం ఉన్న ఇంకో మందుకి తేడా చూడాలి. ఒకటి బీపీ మందు ఒక్కటే, రెండోదాంట్లో ఒంట్లో నీరు లాగే మందు కూడా కలిసి ఉంటుంది. నాలుగు నెలల్లో ఈ కళ్లు వస్తాయి. ఏ కాలేజీ ల్యాబ్‌లోనూ రాని చదువు అది. డాక్టర్ల చేతిరాత, ఏ మందు ఏ జబ్బుకు వాడుతున్నారు, ఏవి కలిపి వాడకూడదు, పిల్లలకు సిరప్ ఎన్ని ఎంఎల్ పట్టాలి, ఇవన్నీ ఇక్కడే ఒంటబడతాయి. నేను చేరమనడానికి అసలు కారణం ఇదే.

ఇప్పుడు స్టాకు తేడా, అంటే షార్టేజ్. ఈ ఉద్యోగంలో జీతం కారిపోయే చోటు ఇదే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మూడు నెలలకో ఆరు నెలలకో ఆడిట్ వాళ్లు వస్తారు. కంప్యూటర్ స్టాకు ఇంత చూపిస్తోంది, ర్యాకులో ఇంతే ఉంది, తేడా ఇన్ని వేలు అంటారు. ఆ తేడాలో దొంగతనం వాటా మనం అనుకునేదాని కంటే తక్కువ. ఎక్కువ భాగం బిల్లింగ్‌లో పుడుతుంది. 15 గోలీల షీటును 10 అనుకుని బిల్లు కొట్టడం. రెండు బ్యాచ్‌లు ఉంటే చేతిలో ఉన్నది ఒకటి, బిల్లులో ఎక్కింది ఇంకొకటి కావడం. కస్టమర్ వాపసు తెచ్చిన మందును డబ్బులిచ్చేసి ర్యాకులో పెట్టి, సిస్టమ్‌లో ఎక్కించడం మర్చిపోవడం. గోదాం క్రేట్‌లో ఒక షీటు తక్కువ వచ్చినా చూసుకోకుండా అంతా వచ్చిందని నొక్కేయడం. ఆన్‌లైన్ ఆర్డర్ క్యాన్సిల్ అయ్యి సరుకు మూడు రోజుల తర్వాత తిరిగి రావడం. ఇక కౌంటర్ బయట, కస్టమర్ చేతికి అందేలా పెట్టిన ఫేస్‌వాష్‌లు, ప్రొటీన్ డబ్బాలు, డైపర్లు ఉంటాయి కదా, నిజమైన దొంగతనం జరిగేది ఎక్కువగా వాటి దగ్గరే.

దీనికి తోడు ఎక్స్‌పైరీ. గడువు దగ్గరపడ్డ సరుకును ముందే తీసి వెనక్కి పంపాలి. చాలా చైన్లలో మూడు నెలల ముందు అని పెట్టుకుంటారు. ఆ తేదీ దాటితే గోదాం తీసుకోదు, ఆ నష్టం షాపు ఖాతాలో పడుతుంది. ముందు గడువు తీరేది ముందు అమ్మాలి అని ట్రైనింగ్‌లో చెబుతారు. కొత్త సరుకును వెనక పెట్టి పాతది ముందుకు లాగే ఓపిక రాత్రి పదకొండింటికి ఎవరికి ఉంటుంది?

నేను పనిచేసిన చోట ఆ తేడా మొత్తాన్ని షాపులో ఉన్న అందరికీ సమానంగా పంచి జీతంలో కోసేవారు. పోయిన నెల చేరిన కుర్రాడికీ అంతే, మూడేళ్లుగా ఉన్నవాడికీ అంతే. ఒక్కోసారి వెళ్లిపోయినవాడి హయాంలో జరిగిన తేడా కూడా కొత్తవాడి నెత్తిన పడేది. ఇలాంటివి ఇప్పటికీ అక్కడక్కడా జరుగుతున్నాయి. చట్టం దీన్ని ఇంత సులువుగా ఒప్పుకోదు. పాత వేతన చెల్లింపు చట్టం, 1936లోనూ, 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్‌లోనూ మాట ఒకటే. ఉద్యోగికి ప్రత్యేకంగా అప్పగించిన సరుకు అతని నిర్లక్ష్యం వల్లే పోయిందని తేలితేనే కోయాలి. కోసే ముందు అతను చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. అన్ని కోతలూ కలిపినా జీతంలో సగం దాటకూడదు. ‘అందరికీ సమానంగా’ అన్న లెక్క ఇందులో ఎక్కడా లేదు.

అలాగని చేరిన మూడో నెలలోనే చట్టం పుస్తకం పట్టుకుని ఏరియా మేనేజర్‌తో తగువు పెట్టుకోమని చెప్పను. ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, అలా వాదించినవాళ్లను మర్నాడే ఊరికి ఆ చివర ఉన్న షాపుకు ట్రాన్స్‌ఫర్ చేస్తారు. చేయాల్సింది ముందు జాగ్రత్త. క్రేట్ తెచ్చిన మనిషి ఉండగానే లెక్కపెట్టి, తక్కువుంటే చలానా మీదే రాసి ఫోటో తీసుకోవాలి. ఇన్సులిన్ పెన్నులు, ఖరీదైన ఇంజెక్షన్లు, ప్రొటీన్ పౌడర్లు ఓ ఇరవై ముప్పై రకాలుంటాయి, వాటిని షిఫ్ట్ మారేటప్పుడల్లా లెక్కపెడితే డబ్బు పరంగా పెద్ద తేడాలు చాలావరకు వెంటనే దొరుకుతాయి. ఎప్పుడైనా ఇన్‌చార్జ్‌గా ప్రమోషన్ ఇస్తే, పూర్తి స్టాక్ ఆడిట్ చేసి సంతకాలయ్యాకే తాళాలు తీసుకోవాలి. ‘ఆడిట్ వచ్చే వారం చేద్దాం, ముందు చార్జ్ తీసుకో’ అంటారు. తీసుకోకూడదు. ఇది ఒక్కటి పాటించమనండి చాలు, నేను రాసిన మిగతావన్నీ మర్చిపోయినా పర్వాలేదు.

తర్వాత టార్గెట్లు. పేరుకు ఫార్మసిస్ట్ అయినా నెలాఖరున కొలిచేది అమ్మకం. షాపు మొత్తం టార్గెట్ ఒకటి, ఒక్కో బిల్లు సగటు విలువ ఒకటి, కంపెనీ సొంత బ్రాండ్ మందులు ఎన్ని శాతం అమ్మావు అన్నది ఇంకొకటి. ఉదయం వాట్సాప్ గ్రూపులో నిన్నటి అంకెలు పెడతారు. వెనకబడ్డ షాపు పేరు ఎర్ర రంగులో ఉంటుంది. అది చూసి టెన్షన్ పడనివాడు ఉండడు.

సొంత బ్రాండ్ మీద అంత పట్టు ఎందుకో మీ తమ్ముడికి తెలియాలి. ధరల నియంత్రణలో ఉన్న మందుల మీద షాపుకు వచ్చే మార్జిన్‌ను 16 శాతంగా లెక్కించి గరిష్ఠ ధర కడతారు. మిగతా మందుల మీద వాడుకలో 20 శాతం దాకా ఉంటుంది. బోర్డు మీదేమో 15 శాతం, 20 శాతం డిస్కౌంట్ అని రాసి ఉంటుంది. డీలర్‌ను తప్పించి కంపెనీల దగ్గరే టోకున కొంటారు కాబట్టి కొంత మిగులుతుంది. అయినా అద్దె, కరెంటు, జీతాలు ఆ మిగిలిందాంట్లోంచి వెళ్లవు. సొంత పేరుతో చేయించుకున్న విటమిన్లు, గ్యాస్ గోలీలు, షుగరు బీపీ మందుల మీద మార్జిన్ చాలా ఎక్కువ. అందుకే ‘ఇదే మందు సార్, మా బ్రాండ్‌లో సగం ధరకే వస్తుంది’ అని కౌంటర్ మీద చెప్పిస్తారు. కస్టమర్‌కూ చాలాసార్లు లాభమే, నేను కాదనను.

కానీ చీటీలో డాక్టర్ రాసిన షెడ్యూల్ హెచ్ మందుకు, అంటే డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుకు, బదులుగా మనంతట మనం వేరేది ఇవ్వకూడదని డ్రగ్స్ రూల్స్‌లోని 65వ రూల్‌లో స్పష్టంగా ఉంది. లోపల ఉన్న మందు ఒకటే అయినా సరే, ఇవ్వకూడదనే ఉంది. కంపెనీ టార్గెట్ ఒకవైపు, రూల్ ఒకవైపు, మధ్యలో నిలబడేది ఫార్మసిస్ట్. దీనికి నేను కొత్తవాళ్లకు చెప్పిన దారి ఇదీ: దగ్గు బిళ్లలు, విటమిన్లు, ఓఆర్‌ఎస్, చర్మానికి రాసుకునే మామూలు క్రీములు, వీటిలో సొంత బ్రాండ్ ఎంతైనా అమ్ముకో, టార్గెట్ అక్కడే కొట్టు. గుండె, ఫిట్స్, థైరాయిడ్ మందుల జోలికి మాత్రం వెళ్లకు. డాక్టర్‌ను అడిగి రమ్మను, లేదా ఆయనకే ఫోన్ చెయ్. ఇలా చేసినవాళ్ల ఇన్సెంటివ్ కాస్త తగ్గింది తప్ప ఉద్యోగాలు పోలేదు.

ఇంకో ప్రమాదం నిద్రమాత్రలు, నొప్పి మందులు, పెద్ద యాంటీబయాటిక్‌లు. అల్ప్రాజోలమ్, జోల్పిడెమ్, ట్రామడాల్, సెఫిక్సిమ్ లాంటివి ఇంకా కట్టుదిట్టమైన షెడ్యూల్ హెచ్‌1 జాబితాలో ఉన్నాయి. 2014 మార్చి నుంచి ఈ మందులు అమ్మినప్పుడల్లా డాక్టర్ పేరు, చిరునామా, రోగి పేరు, మందు, ఎంత ఇచ్చామో విడిగా రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. చైన్లలో సాఫ్ట్‌వేర్ ఆ వివరాలు అడగకుండా బిల్లు ముందుకు వెళ్లనివ్వదు. కానీ రద్దీలో ఏం చేస్తారు? నోటికొచ్చిన డాక్టర్ పేరు ఒకటి కొట్టేస్తారు. ఒకే డాక్టర్ పేరు మీద నెలలో రెండు వందల బిల్లులు కనిపిస్తే డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్‌కు ఇంకేం ఆధారం కావాలి? పైగా అల్ప్రాజోలమ్, 2018 నుంచి ట్రామడాల్ మత్తుమందుల చట్టం కిందికి కూడా వస్తాయి. 2025 మార్చిలో ఆంధ్రప్రదేశ్‌లో ఆపరేషన్ గరుడ పేరుతో రాష్ట్రమంతా ఒకేసారి మెడికల్ షాపుల్లో తనిఖీలు చేశారు. చీటీ లేకుండా ‘అన్నా, ఒక్క షీటు’ అని అడిగే ముగ్గురు నలుగురు కుర్రాళ్లు ప్రతి షాపుకూ వస్తారు. లేదు అంటే లేదు, అంతే. ‘స్టాక్ లేదు’ అని చెప్పడం అన్నిటికంటే తేలిక. వాదన పెట్టుకుంటే రాత్రి పదింటికి ఒంటరిగా ఉన్నవాడికే ఇబ్బంది.

ఒంటరిగా అన్నాను కదా, చాలా షాపుల్లో రాత్రి షిఫ్ట్‌లో ఇద్దరే ఉంటారు, ఒకరు సెలవు పెడితే ఒక్కరే. షాపుల చట్టం, 1988 ప్రకారం రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48. అంతకు మించి చేయిస్తే రెట్టింపు కూలి. కాగితం మీద అంతా అలాగే ఉంటుంది. అవతలి షిఫ్ట్ వాడు రాకపోతే మాత్రం మీ తమ్ముడే కొనసాగాలి, షట్టర్ వేసి వెళ్లలేడు కదా. ఆ అదనపు గంటలకు కొన్ని చైన్లు డబ్బులిస్తాయి, కొన్ని ‘తర్వాత ఆఫ్ తీసుకో’ అంటాయి. ఆ ఆఫ్ ఎప్పటికీ రాదు. బ్రేక్ షిఫ్ట్ ఉందేమో ఇంటర్వ్యూలోనే అడగమనండి. అంటే ఉదయం నాలుగు గంటలు, సాయంత్రం ఐదు గంటలు. రూము షాపు పక్కనే ఉంటే ఫర్వాలేదు గానీ ఉప్పల్‌లో ఉండి కొండాపూర్‌లో బ్రేక్ షిఫ్ట్ చేయడం అంటే రోజంతా ఆర్టీసీకి రాసిచ్చేయడమే.

నిలబడటం గురించి ఎవరూ చెప్పరు. ఎనిమిది తొమ్మిది గంటలు కాళ్ల మీదే. కొన్నేళ్లకు మోకాళ్లు పట్టేస్తాయి, పిక్కల్లో నరాలు ఉబ్బుతాయి. కేరళలో కోళికోడ్ బట్టల షాపుల మహిళలు పోరాడితే 2018లో కూర్చునే హక్కు చట్టంలోకి వచ్చింది, తమిళనాడు 2021లో అదే దారి పట్టింది. ఇక్కడ ఒక స్టూల్ ఉంటుంది గానీ, కెమెరాలో కూర్చుని కనిపిస్తే హెడ్డాఫీసు నుంచి ఫోన్ వస్తుందనే భయంతో ఎవరూ దాని మీద కూర్చోరు. రెండు వందల యాభై చదరపు అడుగుల షాపులో బాత్రూమ్ కూడా ఉండదు. ఆడపిల్లలు పక్కనున్న హోటల్‌లోనో క్లినిక్‌లోనో బతిమాలుకోవాలి. అందుకని నీళ్లు తాగడం మానేస్తారు, తర్వాత మన షాపులోనే యూరిన్ ఇన్ఫెక్షన్ మందులు కొంటారు. మీ ఇంట్లోంచి ఆడపిల్లను పంపాల్సివస్తే జీతం కంటే ముందు ఇది చూడండి: షాపులో బాత్రూమ్ ఉందా, రాత్రి ఎన్నింటికి వదులుతారు.

ఇవన్నీ చదివి భయపడొద్దు. ఈ పనిలో సంతోషం కూడా ఉంది. నెలనెలా షుగరు మందుల కోసం వచ్చే పెద్దాయన వేరేవాళ్ల దగ్గర తీసుకోకుండా మీ తమ్ముడు భోజనం చేసి వచ్చేదాకా బెంచీ మీద కూర్చుంటాడు. కొత్తగా ఇన్సులిన్ రాసిన అమ్మ ఇంటికెళ్లే ముందు సూది ఎలా పొడుచుకోవాలో అతన్నే అడుగుతుంది. 2025 సెప్టెంబరు 22న మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గినప్పుడు, షీటు మీద పాత ధర ఉండి బిల్లులో తక్కువ వచ్చేసరికి జనం ఎక్కువ వేశారేమోనని కాక తక్కువ వేశారేంటని అడిగారట. ఓపిగ్గా చెప్పిన కుర్రాళ్ల కౌంటర్ దగ్గరికే తర్వాత కూడా క్యూ కట్టారని ఒక పాత సహోద్యోగి చెప్పాడు.

ఎదుగుదల ఎంత అంటే, ఫార్మసిస్ట్ నుంచి ఇన్‌చార్జ్ కావడానికి ఏడాదిన్నర, రెండేళ్లు పడుతుంది. జీతం నాలుగైదు వేలు పెరుగుతుంది, బాధ్యత మాత్రం మూడింతలు. పై మెట్లు చాలా ఇరుకు. డి.ఫార్మసీ దగ్గరే ఆగకుండా ఈసెట్ ప్రవేశ పరీక్ష రాసి బి.ఫార్మసీ రెండో ఏడాదిలో చేరే దారి ఉంది, కాకపోతే అప్పుడు ఉద్యోగం వదలాలి. ప్రభుత్వ ఫార్మసిస్ట్ పోస్టుల మీద కూడా కన్ను వేసి ఉంచమనండి. తెలంగాణలో 2024లో గ్రేడ్ 2 ఫార్మసిస్ట్ పోస్టులు ఆరు వందలకు పైగా ఒకేసారి పడ్డాయి. నోటిఫికేషన్ వచ్చేనాటికి ఫార్మసీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ రెన్యువల్ అయ్యి ఉండాలి, అది మర్చిపోయి అవకాశం పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

ఇక నాన్నగారి మాట. సొంత షాపు ఆలోచన తప్పు కాదు, తొందర తప్పు. లైసెన్స్‌కు కావాల్సింది పెద్దగా ఏమీ లేదు: కనీసం 10 చదరపు మీటర్ల గది, ఫ్రిజ్, రిజిస్టర్డ్ ఫార్మసిస్ట్ ఉంటే మందులు అమ్మడానికి ఫారం 20, 21 లైసెన్సులు ఇస్తారు. కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. ఏ మందు ఎంత తెప్పించాలో తెలియని కొత్త షాపులో మొదటి ఏడాది ఎక్స్‌పైరీలకే బోలెడు పోతుంది. ఊళ్లో ఉద్దెర ఖాతాలు ఉంటాయి, కాదంటే మొహమాటం. మండల కేంద్రాలకు కూడా చైన్లు వచ్చి 15 శాతం తగ్గింపు బోర్డు పెడుతున్నాయి, ఇంకోవైపు జనఔషధి కేంద్రాలు. కాబట్టి ముందు వేరేవాళ్ల డబ్బుతో స్టాకు నడపడం నేర్చుకుని, తర్వాత సొంత డబ్బు పెట్టడం మంచిది. చైన్‌లో ఉన్నన్నాళ్లూ ఏ మందు ఏ నెలలో ఎంత కదులుతోందో ఒక నోట్‌బుక్‌లో రాసుకోమనండి. వానాకాలం జ్వరాల మందులు ఎప్పుడు పెరుగుతాయో, ఏ సరుకు అలాగే పడి ఉంటుందో ఆ పుస్తకం చెబుతుంది.

ఈలోగా ఎవరో ఒకరు వచ్చి ‘సర్టిఫికెట్ ఇవ్వు, నెలకు ఐదారు వేలు ఇస్తాం, షాపుకు రానక్కర్లేదు’ అంటారు. మన ఊళ్లలో ఇది మామూలే. ఒప్పుకోవద్దు. ఆ షాపులో ఏం అమ్మినా లైసెన్స్ మీద ఉన్న పేరు అతనిదే. ఒకేసారి రెండు షాపుల లైసెన్సుల మీద ఒకే ఫార్మసిస్ట్ పేరు ఉండటం కుదరదు, కాబట్టి చైన్ ఉద్యోగమూ ఇరుకున పడుతుంది. చేరేటప్పుడు కంపెనీ కూడా ఒరిజినల్ సర్టిఫికెట్లు అడగొచ్చు. చూపించి వెనక్కి తెచ్చుకోవాలి, జిరాక్సులు ఇవ్వొచ్చు. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌ను షాపులో పెట్టాల్సివస్తే తీసుకున్నట్టు సంతకం చేసిన కాగితం కావాలని గట్టిగా అడగాలి.

మానేసేటప్పుడు కూడా చూసుకోవాల్సినవి ఉన్నాయి. పైన చెప్పిన వేతనాల కోడ్ ప్రకారం రాజీనామా చేసినా తీసేసినా రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. అడిగితేనే వస్తుంది. రిలీవింగ్ లెటర్ తీసుకోవాలి, పీఎఫ్ ఖాతాను అదే యూఏఎన్ నంబరుతో కొత్త ఉద్యోగంలోనూ కొనసాగించాలి, చివరి రోజు స్టాకు అప్పగించిన కాగితం మీద ఇన్‌చార్జ్ సంతకం ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, లైసెన్స్ మీద నుంచి తన పేరు తీయించుకోవడం. కంపెనీ చూసుకుంటుందిలే అని వదిలేయకుండా, ఫలానా తేదీ నుంచి ఆ షాపులో పనిచేయడం లేదని డ్రగ్స్ కంట్రోల్ ఆఫీసుకు స్వయంగా రాసిచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి. రేపు నాన్నగారి షాపు లైసెన్స్‌కు దరఖాస్తు పెట్టినప్పుడు ఆ కాగితం లేకపోతే అతని పేరు ఇంకా పాత షాపు మీదే కనిపిస్తుంది, ఫైలు అక్కడే ఆగిపోతుంది.